ఎదుర్లంక రేవులో మధ్యాహ్నాలు

గౌతమీ గోదావరి మీద యానాం దగ్గర వారధి పడకముందు కాకినాడవాడు కోనసీమకు పోవాలంటే రావులపాలెం వంతెన దాకా చుట్టూ తిరిగి రావాలి, లేదంటే ఏదో ఒక రేవులో ఏరు దాటాలి. కోటిపల్లిలో దాటితే ముక్తేశ్వరంలో తేలతాడు, యానాంలో దాటితే ఎదుర్లంకలో. పెళ్లివారు, రోగులు, కొబ్బరి వర్తకులు, కొత్తగా బదిలీ అయిన టీచర్లు, మురమళ్ల వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిస్తే పిల్లకు సంబంధం కుదురుతుందని బయల్దేరిన తల్లిదండ్రులు, అందరూ ఆ రేవులో పంటు కోసం పడిగాపులు పడాల్సిందే. పని ఉన్నవాళ్లు విసుక్కుంటూ నిలబడేవాళ్లు. ఏ పనీ లేకుండా, అవతలి ఒడ్డున భోంచేసి రావడానికే ఏరు దాటిన వాళ్లం బహుశా మేం నలుగురమే.

ఇది ఎనభైల్లో, తొంభైల్లో మాట. నలుగురమూ కాకినాడలోనే ఉద్యోగాలు. ఇద్దరం కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లం. నాది చరిత్ర, ఆయనది లెక్కలు. మూడో ఆయన బ్యాంకు. నాలుగో ఆయన పోర్టులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా, ఆయన్ని అందరం ‘బావ’ అని పిలిచేవాళ్లం. ఎవరికి బావో ఎవరికీ తెలీదు. ఆదివారాల్లో, ఇంట్లో ఎవరికీ ఏ పనీ, మొక్కుబడీ లేనప్పుడు, పొద్దున్నే జగన్నాథపురం వంతెన దాటి బస్సెక్కేవాళ్లం. చొల్లంగి, కోరంగి, తాళ్లరేవు. ఎడమ పక్కన ఎక్కడో మడ అడవి, దాని వెనక సముద్రం. గంటలో యానాం.

యానాం గురించి నాలుగు ముక్కలు చెప్పకుండా ఏరు దాటడం నాకు చేతకాదు, పాఠాలు చెప్పిన నోరు మరి. ఆ ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. ఇప్పటికీ పుదుచ్చేరి కిందే లెక్క. మూడు పక్కలా మన ఊళ్లు, ఓ పక్క గోదావరి. సరిహద్దు అంటూ ఒకటి ఉంటే దాన్ని వాడుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి బ్రిటిషు ఇలాకాలో బాల్యవివాహాలు నేరమయ్యాక, గోదావరి జిల్లాల సంప్రదాయ కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవి. ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. మా బావ తల్లి పెళ్లి కూడా అలా జరిగిందే. ఆవిడకు ఆ పెళ్లిలో గుర్తున్నదల్లా పడవలో వాంతి చేసుకోవడం, దానికి పెద్దవాళ్లు కసరడం.

మళ్లీ 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పుడు అదే సరిహద్దుకు ఇంకో వాడుక దొరికింది. ఎప్పుడూ ఖాళీగా పోయే మా ఆదివారం బస్సులో నిలబడ్డానికి చోటుండేది కాదు. 1997లో ఆ నిషేధం సడలేదాకా మా ఆదివారాల మీద ఇళ్లలో అనుమానాలే. “చేపల పులుసు కోసం అంత దూరమా?” అని మా ఆవిడ అడిగిన తీరులో అది ప్రశ్న కాదని నాకు తెలుసు. మాలో ముగ్గురికి ఆ అలవాటు లేదు. నాలుగో ఆయన సంగతి రాయను, ఆయన భార్య ఇలాంటి వ్యాసాలు వదలకుండా చదువుతారు.

రేవులో దిగాక తొందరేమీ లేదు. పంటు అంటే తెలియనివాళ్లు ఇప్పుడు చాలామందే ఉంటారు కాబట్టి చెబుతున్నాను. రెండు పెద్ద నావల్ని పక్కపక్కన చేర్చి, పైన దళసరి చెక్కలు పరిస్తే అది పంటు. దాని మీద జీపులు, స్కూటర్లు, ఆవులు, కొబ్బరి బస్తాలు, వాటి సందుల్లో మనుషులు. అక్కడ ఏరు కిలోమీటరుకు పైగా వెడల్పు. సముద్రం దగ్గర కావడం వల్ల పోటూ పాటూ ఉంటాయి. పోటు మీద ఉన్నప్పుడు పంటు హాయిగా సాగిపోయేది. పాటు తీసినప్పుడు సరంగు ఇసక మేటల్ని తప్పించుకుంటూ ఎగువకు పోయి, మళ్లీ దిగువకు తిప్పి, ఒక్కోసారి అన్నీ తెలిసే ఒక మేట మీద ఎక్కించేసేవాడు. కళాసీలు దిగి గడలతో నెట్టేవాళ్లు. అవ్వకపోతే పోటు వచ్చేదాకా కూర్చోవడమే. ఎవరి చేతి గడియారమూ అక్కడ చెల్లదు.

ఎదుర్లంక ఒడ్డున, ఏటిగట్టుకు ఏటివైపు వాలులో ఒక తాటాకుల పాక ఉండేది. అదే హోటలు. బోర్డు లేదు. లోపల ప్రయాణికులకు బల్లలు, బయట ఏటికేసి తిప్పి వేసిన రెండు బెంచీలు, ఒక నేరేడు చెట్టు. గల్లాపెట్టె దగ్గర ఆయన, పొయ్యి దగ్గర ఆవిడ. మేము ఆవిణ్ణి ‘అక్కగారూ’ అనేవాళ్లం, ఆవిడ మమ్మల్ని నలుగుర్నీ కలిపి ‘మాస్టారండీ’ అనేది, బ్యాంకాయన్నీ బావనీ కూడా.

ఆ పాకలో మామూలు జనం భోజనం చేసే తీరు చూసి తీరాలి. అన్నం, పప్పు, చేపల పులుసు, మజ్జిగ. ఒక కన్ను ఆకు మీద, ఒక కన్ను ఏటి మీద. అందుకే డబ్బులు ముందే కట్టించుకునేవాడు ఆయన. పంటు కూత వినపడగానే సగం మంది లేచేవాళ్లు. చేయి కడుక్కునే తీరిక లేక ఏట్లోనే ముంచుకుని ఎక్కేసిన వాళ్లను, పులుసు ముక్క వేళ్ల మధ్య పట్టుకునే పరిగెత్తిన వాళ్లను చూశాను. ఆ గందరగోళంలో బయట బెంచీ మీద మేం నలుగురం కదలకుండా కూర్చునేవాళ్లం. పంటు కూసింది, పోయింది, మాకేమీ కాలేదు. ఆ సుఖం మాటల్లో చెప్పడం కష్టం. వారమంతా బెల్లు మోగితే లేచి, బెల్లు మోగితే కూర్చునే వాణ్ణి నేను. కూత విని కూడా లేవనక్కర్లేని చోటు భూమ్మీద నాకు అదొక్కటే దొరికింది.

చేప మేమే తీసుకెళ్లేవాళ్లం. యానాం ఒడ్డున గంపలు దించిన ఆడవాళ్ల దగ్గర బావ బేరం చేసేవాడు. ఆయన బేరం చూస్తే పోర్టులో ఓడలు ఎందుకంత ఆలస్యంగా కదిలేవో అర్థమయ్యేది. చలికాలంలో పండుగొప్ప, వేసవిలో రొయ్యలు. ఆ రొయ్యల్ని అక్కగారు మామిడికాయ వేసి వండేది. దసరా దాటాక ఓ కొద్ది రోజులు చీరమేను వచ్చేది. అవి కంటికి ఆనని చేప పిల్లలు, తవ్వతో కొలిచి అమ్మేవాళ్లు. వాటిని పిండిలో కలిపి గారెల్లా వేసిచ్చేది. వానాకాలంలో మాత్రం మా చూపంతా నీటి రంగు మీదే. ఎగువ నుంచి ఎర్రనీరు దిగిందంటే పులస వచ్చినట్టే.

సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదావరిలోకి వస్తేనే పులస. ఉప్పునీటి చేప మంచినీట్లో ఈదేకొద్దీ దాని రుచి మారుతుందని మత్స్యకారులు చెబుతారు, తిన్నవాడెవడూ కాదనడు. పుస్తెలమ్మైనా పులస తినాలి అన్న సామెత పుట్టిన నేల అది. నిజం చెప్పాలంటే పుస్తెలు అమ్మక్కర్లేదు గానీ, నలుగురు జీతగాళ్లు చందా వేసుకోవాల్సిన ధరే ఆ రోజుల్లో కూడా.

“ఏం తెచ్చారండీ?” అని అడిగి, సంచీలో పులస చూడగానే అక్కగారి ముఖం మారిపోయేది. ఇక ఆ రోజు వంట ఆవిడది, మాది కాదు. చేపను పొలుసు తీసి, బూడిదతో తోమి, ముందే శుభ్రంగా కడిగేసేది. ముక్కలు కోశాక నీళ్లు తగలనిచ్చేది కాదు, కొవ్వంతా పోతుందని. మట్టి దాకలో నూనె, ఉల్లిపాయ ముద్ద, పచ్చిమిర్చి, చిక్కటి చింతపండు పులుసు, నిలువునా వేసిన బెండకాయలు. కింద కొబ్బరి డొక్కల నిప్పు, మంట కాదు, సెగ. పులుసు మరిగాక ఆవకాయ జాడీలో పైన తేరిన నూనె ఒక గరిటెడు. గరిటె వాడకం అంతటితో సరి. ముక్క విరిగిపోతుందని దాకను రెండు చేతులా గుడ్డతో పట్టుకుని కుదిపేది. దించే ముందు ఇంత వెన్న. ఇదంతా అయ్యేసరికి పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలేది. మధ్యలో వెళ్లి “అయిందా అక్కగారూ?” అని అడిగినవాడికి ఒకటే జవాబు, “ఆయ్, అవుతందండి.” అది ఎంతకవుతుందో ఆవిడా చెప్పేది కాదు, అడిగే ధైర్యం మాకూ ఉండేది కాదు. అసలు పులస పులుసు రాత్రి వండి మర్నాడు తినాలనీ, మేము తినేది సగం రుచేననీ ప్రతిసారీ నిష్ఠూరమాడేది. అందుకని కొంత టిఫిన్ క్యారియర్లో పెట్టి ఇళ్లకు పంపేది, సోమవారం తినమని.

ఆకులు వేశాక మాటలు ఆగిపోయేవి. పులసకు రుచి ఎంతో ముళ్లూ అంతే. సన్నగా, చీలి, ముక్కలో ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. నాలుక కొసతో వెతికి, వేలితో తీసి, ఆకు అంచున పెట్టి, మళ్లీ ముద్ద కలపాలి. హడావుడిగా తినేవాడికి ఆ చేప తగిన శాస్తి చేస్తుంది. మా లెక్కల మాస్టారు శాకాహారి. ఆయనకు వేరే గిన్నె, వేరే పొయ్యి, పనసపొట్టు కూర, కంద బచ్చలి. అవి తింటూ కాసేపు మర్యాదగా ఏటికేసి చూసేవాడు. తర్వాత మెల్లిగా, పులుసులోని బెండకాయలు మటుకు ఇటు వెయ్యమనేవాడు. బెండకాయ కూరగాయే కదా అని ఆయన వాదన. లెక్కల మాస్టారితో వాదించి నెగ్గడం మావల్ల కాదు. కొన్నేళ్లకు దాకలోని బెండకాయలన్నీ ఆయనవే అన్న ఒప్పందం కుదిరిపోయింది.

పెరుగన్నం, చక్కెరకేళి పండు అయ్యాక నేరేడు చెట్టు కింద తుండుగుడ్డలు పరిచేవాళ్లం. అసలు కబుర్లు అప్పుడు మొదలయ్యేవి. సినిమాలు, యూనియన్ తగాదాలు, పిల్లల సీట్లు. ఎటు తిరిగినా చివరికి బావ కాటన్ దొర దగ్గరికి తెచ్చేవాడు. ఆ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది లేకపోతే పులస ఇంకెంత ఎగువకు పోయి, ఇంకెంత మంచినీరు తాగి, ఇంకెంత రుచిగా ఉండేదో అని బావ బాధ. అది లేకపోతే నీ ఆకులో అన్నమే లేదు, కరువులు చూసిన జిల్లాలివి, ఇక్కడివాళ్లు గోదావరి స్నానాల్లో ఆ దొరను తలుచుకునేది ఊరికే కాదని నేను. బ్యాంకాయన ఎటూ తేల్చకుండా, ఆనకట్టకు ఒక పక్క అన్నం, ఒక పక్క పులుసు, మనం రెండూ కలుపుకుంటున్నాం, ఇంకా గొడవేమిటని నిద్రపోయేవాడు. ఆ వాదన ఎప్పుడూ తెగలేదు. తెగితే తర్వాతి ఆదివారానికి ఏం మిగలదు.

నాలుగో ఐదో గంటకు లేచి ముఖం కడుక్కుంటే హోటలాయన టీ తెచ్చేవాడు. ఆ తర్వాత ఏ పంటు వస్తే ఆ పంటు.

ఇదంతా మురిపెంగా రాస్తున్నాను గానీ, ఆ రేవులో ఇంకో రకం ఎదురుచూపు కూడా మా కళ్లెదుటే జరిగేది. కోనసీమ తూర్పు ఊళ్లకు పెద్దాసుపత్రి అంటే కాకినాడే. నొప్పులు పడుతున్న ఆడమనిషిని నులకమంచం మీద మోసుకొచ్చి, పంటు అవతలి ఒడ్డున ఉంటే, ఆ మంచం మా నేరేడు చెట్టు నీడకే దించేవాళ్లు. పాటు తీసిన వేళైతే ఇంకా ఘోరం, ఎదురుగా యానాం కనిపిస్తూ ఉంటుంది, చేరే దారి ఉండదు. ఒకసారి అలాంటి మంచం దాటిపోయాక అక్కగారు పొయ్యి ఎగదోస్తూ, “మా పెద్దమ్మ కూతురు ఇక్కడే పోయిందండి, ఏరు దాటకుండానే” అంది. ఏడుపేమీ లేదు. ఆ వెంటనే, ముక్కలు చిన్నవి కొయ్యమంటారా పెద్దవా అని అడిగింది. ఆఖరి పంటు తప్పినవాళ్లు రేవులోనే పడుకునేవాళ్లు. మర్నాటి పరీక్ష తప్పిన కుర్రాళ్లను, ఇంటర్వ్యూ తప్పినవాళ్లను చూశాం. మా తీరిక, వాళ్ల అవస్థ రెండూ ఒకే పంటు ఆలస్యం లోంచి వచ్చినవే. బావకూ నాకూ మధ్య కాటన్ తగాదా ఎందుకు తెగలేదో ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, మేం కూర్చున్న చోటే ఆ తగాదాలో ఉంది.

ఏరు ఆ పాకను మాత్రం వదిలిపెట్టలేదు. 1986 ఆగస్టు వరదకు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది నీరు. గట్లు తెగాయి, లంకలు మునిగాయి, యానాం మునిగింది. పాక ఉన్న ఆనవాలు కూడా మిగల్లేదు. నీరు తీశాక అదే చోట గుంజలు పాతారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటినప్పుడు మళ్లీ అంతా పోయింది. కోనసీమలో కొబ్బరిచెట్లు వరసకు వరస నేలకొరిగాయి. భైరవపాలెం లాంటి మత్స్యకారుల ఊళ్లలో పోయిన ప్రాణాల ముందు ఒక హోటలు సంగతి ఎవరికి కావాలి? మేము వెళ్లేసరికి నేరేడు చెట్టు లేదు. పాక మళ్లీ లేచింది, ఈసారి సగం తాటాకు, సగం రేకు. కిందటిసారి లేని ఎండ బెంచీల మీద పడుతోంది. హోటలాయన ఎక్కడినుంచో ఒక పాత తెరచాప గుడ్డ తెచ్చి మా కోసం పందిరిలా కట్టాడు.

వారధి కోసం అక్కడివాళ్లు అడగని నాయకుడు లేడు. చివరికి ఆ ఊరి బిడ్డే దాన్ని పట్టించుకున్నాడు. జి.ఎం.సి. బాలయోగి పుట్టింది ఎదుర్లంకలోనే. లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002 మార్చి 3న హెలికాప్టరు కూలి చనిపోయారు. అదే సంవత్సరం తెరిచిన వారధికి ఆయన పేరే పెట్టారు. తెరిచిన కొత్తలో జనం పనిలేకపోయినా దాని మీద నడిచి అటూ ఇటూ తిరిగి వచ్చేవాళ్లు. ఆ మనుషుల ముఖాలు చూసినవాడెవడూ వారధి మీద ఒక్క మాట కూడా అనలేడు, నేను కూడా అననివ్వను.

పంటు ఆగిపోయింది. పంటు లేకపోతే రేవు లేదు, రేవు లేకపోతే ఆ పాకకు గిరాకీ లేదు. హోటలాయన కొన్నాళ్లు వారధి దిగేచోట టిఫిన్ బండి పెట్టాడు. బస్సులు అక్కడ ఆగవు. తర్వాత ఇద్దరూ కూతురి దగ్గరికి వెళ్లిపోయారని విన్నాం. మేము ఒకసారి కారులో వెళ్లాం, కాకినాడలో పొద్దున టిఫిన్ చేసి. వారధి దాటడానికి పట్టిన సమయంలో లెక్కల మాస్టారు ఒక మాట మొదలెట్టాడు, పూర్తయ్యేలోపు అవతలి ఒడ్డు వచ్చేసింది. ఎక్కడ ఆగాలో తెలీక మురమళ్ల దాకా పోయి, దణ్ణం పెట్టుకుని, ఇంటి భోజనానికి ఇంటికే వచ్చేశాం.

ఇప్పుడు యానాం ఒడ్డు చాలా అందంగా ఉంటుంది. పార్కులు, విగ్రహాలు, ఎత్తైన టవరు, నది కనిపించేలా అద్దాలు బిగించిన రెస్టారెంట్లు. మా పిల్లలు నన్ను తీసుకెళతారు. మంచి చల్లదనం, మంచి కుర్చీలు, నది అద్దం అవతల ఉంటుంది, దాని వాసన ఇవతలికి రాదు. కూర్చున్న పది నిమిషాలకే పులుసు వస్తుంది. పది నిమిషాల్లో వచ్చే పులస పులుసు మీద నాకు నమ్మకం లేదు. మాఘమాసంలో కూడా పులస ఉందని రాసిన మెనూ చూశాను. అది ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసు పెట్టెలో దిగిన చేప అయి ఉంటుంది. అసలు పులస ఇప్పుడు యానాంలో వేలం పాటలో వేలకు వేలు పలికి పేపర్లకెక్కుతోంది. తినేవాడి సంగతి అటుంచి, దాన్ని పట్టినవాడికే ముక్క దక్కదు. అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది, ఆకు తీసే లోపే బల్ల మీదికి వచ్చే బిల్లు. మా తర్వాత ఆ బల్లకు ఇంకెవరో ఎదురుచూస్తూ మా వెనకే నిలబడి ఉంటారు. వాళ్ల తప్పూ లేదు.

బావ పోయాడు. బ్యాంకాయన అమెరికాలో కొడుకు దగ్గర. లెక్కల మాస్టారూ నేనూ ఫోన్లో మాట్లాడుకుంటాం, ఎక్కువగా మందుల గురించి.

కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు, నరసాపురం–సఖినేటిపల్లి రేవు ఇంకా నడుస్తున్నాయి. రెండుచోట్లా వంతెనల మాట ఏళ్లుగా వినపడుతూనే ఉంది. త్వరగా కట్టాలి, అక్కడి జనం మాలాంటి వాళ్ల ముచ్చట కోసం ఇంకా ఆగక్కర్లేదు. ఈలోపు మీకు నలుగురు స్నేహితులు, ఒక ఖాళీ ఆదివారం ఉంటే వెళ్లి రండి. చేప మీరే కొనుక్కుని వెళ్లండి, వండేవాళ్లు రేవులో దొరుకుతారు. వాళ్లను తొందరపెట్టకండి. ఆఖరి పంటు ఎన్నింటికో మాత్రం దిగగానే అడిగి ఉంచుకోండి.